తెరిచినవాడే మూయాలి

ఆ రోజు ఆర్డెన్ పెట్టుకున్న పని చిన్నదే. పొరుగున ఉండే వేడ్ వాళ్ల దూడలకు కాల్చిన ఇనుముతో గుర్తు ముద్రలు వేయడంలో సాయపడటం, మధ్యాహ్నం అక్కడే భోంచేయడం, బాయిడ్‌తో మాత్రం మాట పెట్టుకోకుండా ఇంటికి రావడం. అమెరికాలోని ఈ వయోమింగ్‌లో ఎవరింట ముద్రల రోజైనా చుట్టుపక్కల వాళ్లంతా వెళ్లాల్సిందే కనక, బాయిడ్ రాకుండా ఉండడు.

"కత్తి లాకు వేశావా?" గుమ్మంలోంచి అడిగింది భార్య నెల్డా.

"వేశానే తల్లీ."

రెండేళ్ల కిందట దూడకు వేసిన తాడుని గుర్రం జీను కొమ్ముకి చుడుతుండగా మధ్యలో ఇరుక్కుని ఆర్డెన్ ఎడమచేతి బొటనవేలు తెగిపోయింది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, "చెబితే విన్నావా?" అన్నాడు బాయిడ్. చిన్ననాటి స్నేహం ఆ మాటతో ఆగిపోయింది. ఒంటిచేత్తో తెరుచుకోవచ్చని నెల్డా ఈ మీట కత్తి కొనిచ్చింది. మీట నొక్కితే అలుగు టక్కున బయటికొస్తుంది. అందుకే ఆర్డెన్ దాన్ని మడిచి, లాకు వేసి, బెల్టు ఒరలో పెట్టి, పైన తోలు మూత గుండీ నొక్కితేగానీ గుర్రమెక్కడు. స్నేహం విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకు పడలేదా అని అప్పుడప్పుడూ బాధపడేవాడు.

దూడల దొడ్డిలో పని సగంలో ఉండగా బాయిడ్ ఎదురుగా వచ్చి చెయ్యి చాచాడు. "కత్తోసారివ్వు. టీకాల పెట్టె తాడు కొయ్యాలి."

రెండేళ్లలో అదే మొదటి మాట. ఆర్డెన్ ఒరలోంచి తీసి, మడిచినదాన్ని మడిచినట్టే ఇచ్చాడు. ఇంతలో కాలికింద దూడ తన్నుకోవడంతో అటు తిరిగాడు. మళ్లీ చూసేసరికి కత్తి కంచె గుంజ మీద తెరిచే ఉంది, బాయిడ్ లేడు.

ఆ ప్రాంతంలో ఒకరు తెరిచిన కత్తిని ఇంకొకరు మూయరు. మూస్తే ఆ ఇద్దరికీ చెడు జరుగుతుందని నమ్మకం. ఇప్పుడిప్పుడే ఒక మాట మొలిచింది, దాన్ని తన చేత్తో ఎలా తుంచుకుంటాడు? తెరిచిన కత్తి ఒరలో పట్టదు. ఆర్డెన్ దాన్ని మొన కిందికి పట్టుకుని, ఎవరికీ తగలకుండా నెమ్మదిగా నడుస్తూ బాయిడ్‌ని వెతకడం మొదలుపెట్టాడు.

కాఫీ పోస్తున్న వేడ్ భార్య మార్లా ఎదురైంది.

"బాయిడ్ ఎక్కడమ్మా?"

ఆమె కళ్లు కత్తి మీదే ఉన్నాయి. "ఎందుకు బాబాయ్?"

"చిన్న పని మిగిలిపోయింది."

"వాగు వైపెళ్లాడు," అని అబద్ధమాడి మార్లా మొగుడి దగ్గరికి పరిగెత్తింది. ఆర్డెన్ వాగు దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి ఊరి మగాళ్లంతా గుర్రాల ట్రైలర్ ముందు గోడకట్టినట్టు నిలబడ్డారు. ట్రైలర్ తలుపు తాడుతో కట్టేసి ఉంది, లోపల్నుంచి ఎవరో ధనధనా బాదుతున్న చప్పుడు.

"కత్తి మూసెయ్ బాబాయ్," బతిమాలాడు వేడ్. "పోనీ ఇటివ్వు, నేను మూస్తా."

"నువ్వు మూస్తే లాభం లేదురా. నాకు బాయిడే కావాలి."

అడ్డం నిలబడ్డవాళ్లలో ఇద్దరు వెనక్కి తగ్గారు.

"వాణ్ణి రానివ్వండ్రా!" లోపల్నుంచి అరిచాడు బాయిడ్.

"ఈ ముసలాడికీ మతి పోయింది," అని వేడ్ తలుపు తాడుకి ఇంకో ముడి వేశాడు.

ఆర్డెన్‌కి అప్పటికి విషయం అర్థమై మొహం ఎర్రబడింది. "ఒరేయ్, ఈ కత్తి తెరిచింది వాడు!"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేడ్ సిగ్గుపడుతూ ముళ్లు విప్పబోయాడు. బాయిడ్ లోపల్నుంచి తోసిన తోపుకి అవి బిగుసుకుపోయాయి. ఆర్డెన్ అందరినీ పక్కకు జరగమని తాడు కోసేశాడు.

బాయిడ్ బట్టల మీది గడ్డి దులుపుకుంటూ దిగాడు. కత్తి అందుకుని మడిచి, లాకు వేసి, ఆర్డెన్ ఒరలో తనే పెట్టి గుండీ నొక్కాడు.

"మూయడం మర్చిపోయావా?" అన్నాడు ఆర్డెన్.

"మర్చిపోలేదు. తెరిచి వదిలేస్తే నువ్వే వెతుక్కుంటూ వస్తావనుకున్నా."

"నోటితో చెప్పొచ్చుగా?"

"నోటితో చెప్పేగా రెండేళ్లు పోగొట్టుకున్నా."

ఆర్డెన్‌కి కళ్లు చెమర్చాయి. వేలు లేని చేతిని బాయిడ్ భుజమ్మీద వేశాడు. ఇద్దరూ భోజనాల బల్ల వైపు నడిచారు.

తెగిన తాడు వేడ్ ముచ్చటపడి కొనుక్కున్న కొత్త తాడు. ఇప్పుడతను ఆ ఇద్దరితోనూ మాట్లాడటం లేదు.