ఆఖరి తల్లి పుట్టిన చోటు

స్థానికత ధ్రువపత్రానికి తల్లివైపు వంశం చూపాలన్న నిబంధన వచ్చిన నెలకి, ఎండుచేపలమ్మే నూకరత్నం తల్లులు, అంటే అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ, అలా మొత్తం రెండువేల ఎనిమిది వందల మందీ తహసీల్దారు ఆఫీసుకు వచ్చి ఆమె వెనకాల వరసలో నిలబడ్డారు. అందులో వింతేమీ లేదు. చెంప లోపల దూదిపుల్ల తిప్పి డీఎన్ఏ పరీక్షకు పంపితే నివేదిక ఆ రూపంలోనే వస్తోంది. కిందటి వారం ఒక టైలరు తల్లులు వచ్చినప్పుడు బస్టాండు దాకా రోడ్డు మూసేయాల్సివచ్చింది. ఈసారి ముందుగానే షామియానా వేయించారు.

సముద్రం ఒడ్డున నూకరత్నం ఇల్లున్న రెండు సెంట్లలో రిసార్టు కట్టబోతున్నారు. స్థానికురాలైతే ఆమె ఉండవచ్చు. వలస వచ్చినదైతే వారంలో ఖాళీ చెయ్యాలి.

వరసలో మొదట నిలబడింది నూకరత్నాన్ని కన్నరోజునే పోయిన తల్లి. ఆ ముఖం ఆమె చూడడం అదే మొదలు. తల్లికి పాతికేళ్లు కూడా ఉండవు. సాక్షులతో మాట్లాడితే దరఖాస్తు చెల్లదని బంట్రోతు చెప్పడంతో, నూకరత్నం తల్లి భుజం మీంచి జారిన కొంగు మాత్రం సర్దింది.

సీనియర్ అసిస్టెంటు గుంపస్వామి ఒక్కొక్కరినీ పుట్టిన ఊరు అడిగి రాసుకున్నాడు. మొదటి ముప్పైమంది ఈ ఊరే అన్నారు. తర్వాతివాళ్లు గోదావరి అవతల అన్నారు. ఇంకా వెనకవాళ్లకు ఊళ్లకు పేర్లే లేవు. ఒకామె చేత్తో కొండ గీసి చూపింది, ఒకామె అలల చప్పుడు చేసింది. గుంపస్వామి "వివరం లేదు" అని రాసి సంతకం చేశాడు. మూడోరోజు సాయంత్రానికి ఆఖరి ఆమె వచ్చింది. టైలరు వరసలోనూ చివర ఆమే ఉంది కాబట్టి ఆమె కోసం స్టూలు వేసి ఉంచారు. ఆమె పడమటి వైపు చెయ్యి చూపింది.

వరసలో ఒక్కరు బయట పుట్టినా వలసకిందే లెక్క అని గుంపస్వామి వివరించాడు.

"మాయమ్మ ఈ ఇసకలోనే పుట్టినాది బాబూ. నన్నూ ఇక్కడే కన్నాది. నానెక్కడ్నించొచ్చినాను?"

"నువ్వు కాదమ్మా. ఆవిడొచ్చింది, డెబ్భై వేల ఏళ్ల కిందట."

"మరి మీ అమ్మోలో?"

తమ వరసా ఆవిడ దగ్గరికే పోతుందని గుంపస్వామి ఏమీ దాచకుండా చెప్పాడు. ఉద్యోగులకు మినహాయింపు ఉంది. రిసార్టు వారి ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది.

నూకరత్నం ఖాళీ నోటీసు మీద వేలిముద్ర వేసి ఇంటికి వెళ్లేసరికి తల్లులు పైకప్పు రేకులు దింపి దొంతి పెట్టారు. గిన్నెలు వలలో మూటకట్టారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది.

"చిన్న మూట నువ్వట్టుకో," అంది కన్నతల్లి. "పెద్దయి మేం మోస్తాం."

ముందున్నవాళ్లు అప్పటికే ఒడ్డు వెంట నడక మొదలుపెట్టారు. ఎక్కడికని నూకరత్నం అడగలేదు. మూట నెత్తిన పెట్టుకుని వరస చివర కలిసింది.