డాష్‌బోర్డు మీద దీపం

మన అపార్ట్‌మెంటు నివాసులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, రెండు వందల మూడో ఫ్లాటు విజయేందర్ గారు కారుకు అరవై వేల కిలోమీటర్ల సర్వీసును స్వహస్తాలతో చేయనున్నారు. స్థలం సెల్లార్, పదకొండో పిల్లర్ పక్కన. చూడదలచినవారు కుర్చీలు తెచ్చుకోవలెను.

కాప్రాలోని ఆ అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన ఈ నోటీసు అంటించింది విజయేందరే.

అతను ప్రభుత్వ ఆడిటర్. ఇరవై రెండేళ్ళుగా ఎదుటివాడి పనిలో తప్పులు పట్టడమే అతని పని. అలాంటి మనిషి చేతికి బోయిన్‌పల్లి మెకానిక్ తిరుమల్ ఓ చీటీ ఇచ్చాడు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంట్, అన్నిటికీ కింద మజూరీ. విజయేందర్ మజూరీ కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు.

"గిదేంది తిరుమల్? నాలుగు బోల్టులు విప్పుడు, నాలుగు బిగించుడు. గా పనికి గింతనా?"

"మీరే చేస్కోండ్రి సార్," అన్నాడు తిరుమల్ చేతులు తుడుచుకుంటూ. "నా ఫోన్ నంబరు మాత్రం తీసెయ్యకుండ్రి."

చిన్న సంగతి ఒకటి చెప్పాలి. కారు విజయేందర్‌ది కాదు, అతని భార్య నవతది. ఆమె జీతంతో, ఆమె పేరున కొన్నది. పదిహేడేళ్ళ కింద మేడ్చల్ బ్యాంకు శాఖలో క్లర్కుగా చేరినప్పుడు ఆమె బస్సు దిగి, చెప్పుల దుమ్ము దులుపుకుని లోపలికి వెళ్ళింది. ఇప్పుడు అదే శాఖకు మేనేజరు. దసరా మర్నాడు చేరాలి. ఆ గేటులోకి తన కారు తనే నడుపుకుంటూ వెళ్ళాలన్నది ఆమె కోరిక.

"దసరా తెల్లారి తొమ్మిదింటికి బండి మన గేటు కాడ ఉండాలె. గంతే," అంది.

"ఉంటది," అన్నాడు భర్త.

నవమి నాడు పని షురూ అయింది. విజయేందర్ అప్పటికి పద్నాలుగు వీడియోలు చూసి ఉన్నాడు. పాత ఆయిల్‌ను ఆవకాయ కలిపే బేసిన్‌లోకి దించాడు. ఫిల్టర్లు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, ప్రతి బోల్టునూ మూడుసార్లు బిగించి పుస్తకంలో టిక్కు పెట్టాడు. న్యాయంగా చెప్పుకోవాలి, ఒక్క బోల్టు కూడా మిగల్లేదు. చూడవచ్చినవారు చప్పట్లు కొట్టారు. ఇక మిగిలింది కొత్త ఆయిల్ పోయడమే.

అప్పుడు అతని తల్లి దేవమ్మ సెల్లార్‌లోకి దిగింది.

"కొత్త నూనె గిట్లనే పోస్తవా బిడ్డా? రేపు దసరా. పూజల వెట్టి పోస్తే మంచిగుంటది."

సహేతుకమైన సూచన. విజయేందర్ ఆమోదించాడు.

మర్నాడు ఉదయం పదకొండో పిల్లర్ పక్కన పానాలు, జాకీ, గరాటు, ఆయిల్ డబ్బా వరసగా కొలువుదీరాయి. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. పూజ పూర్తయింది. విజయేందర్ డబ్బా మీద చెయ్యి వేశాడు. దేవమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"పూజల వెట్టిన సామాను రేపటిదాంక ముట్టద్దు. ఆయుధపూజ బిడ్డా, ఆటనా?"

ఫరవాలేదు. రేపు ఆరింటికి పోస్తే తొమ్మిదింటికి బండి సిద్ధం. విజయేందర్ మనసులోనే టైంటేబుల్ సవరించాడు.

సంఘం అధ్యక్షుడు జోగారావు గారిది శ్రీకాకుళం వైపు. ఆయన వాచీ చూసుకుని ముందుకొచ్చారు.

"పది గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తమండి. బండి నిమ్మకాయల మీద నుంచి ఎల్లాలి కదేటి?"

"బండి సుత పూజలనే ఉంది గద సార్. ముట్టద్దంట," అన్నాడు విజయేందర్ ఆశగా.

"ఆయుధం కూసోవాలె, వాహనం కదలాలె," అని దేవమ్మ తీర్పు చెప్పింది. అప్పీలుకు అవకాశం లేదు.

ఆయిల్ లేని ఇంజన్‌ను నడపరాదని విజయేందర్‌కు తెలుసు. ఏడో వీడియోలో ఉంది. కాని ఎదురుగా అరవై రెండు మంది. నిన్నటి నుంచి అతన్ని 'ఇంజనీరు సాబ్' అంటున్నవాళ్ళు. ఇప్పుడు 'నూనె లేదు' అంటే వాళ్ళేమనుకుంటారు? లెక్క వేశాడు. స్టార్ట్ చేయడం, నిమ్మకాయలు నలపడం, ఆపడం. మొత్తం ఎనిమిది సెకన్లు. ఎనిమిది సెకన్లకు ఏమవుతుంది?

పది పన్నెండు. తాళం తిప్పాడు. నిమ్మకాయలు నలిగాయి. చెయ్యి మళ్ళీ తాళం మీదికి వెళ్ళింది.

"ఆపకండి," అన్నారు జోగారావు. "హారతి అవకుండా ఆపీకూడదు. ఈలోగా నేను రెండు ముక్కలు మాటాడతాను."

అదే సమయంలో డాష్‌బోర్డు మీద ఎర్రగా ఓ గుర్తు వెలిగింది. కొమ్ముతో, చుక్కతో, అచ్చం ప్రమిదలా ఉంది. దేవమ్మ కిటికీలోంచి తొంగిచూసి కళ్ళకద్దుకుంది.

"సూడుండ్రి. బండి దానంతల అదే దీపం ముట్టించుకున్నది."

జనం బారులు తీరి దర్శనం చేసుకున్నారు. దీపానికి కుంకుమబొట్టు పెట్టారు. నలుగురు ఫొటో తీసుకున్నారు. డ్రైవింగు సీట్లో విజయేందర్ ఒక్కడే ఆ దీపాన్ని ఉరిశిక్ష పడ్డవాడిలా చూస్తున్నాడు.

జోగారావు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా. నేటి సమాజంలో మానవుడు ప్రతి చిన్న పనికీ పరాధీనుడైపోతున్నాడు. కాని మన విజయేందర్ గారు స్వావలంబనకు నిలువెత్తు నిదర్శనం..."

మూడో నిమిషంలో ఇంజన్ టిక్ టిక్ అంది. ఐదో నిమిషంలో టక్ టక్ అంది. పూజకు పిలిపించిన డప్పువాళ్ళు ఆ దరువు అందుకున్నారు. ఎనిమిదో నిమిషంలో ఇంజన్ వాళ్ళకన్నా బాగా వాయించింది. జోగారావు స్వాతంత్ర్యోద్యమం దాటి ఉపనిషత్తుల దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో పెద్దగా మూలిగి, బండి ఆగిపోయింది.

"చూశారా," అన్నారు జోగారావు గంభీరంగా. "యంత్రం సైతం మౌనముద్ర దాల్చింది."

చప్పట్లతో సెల్లార్ దద్దరిల్లింది. అదే క్షణంలో, పొద్దుట్నుంచి పై వంటింట్లో ఉన్న నవత పులిహోర గిన్నెతో దిగింది. దీపం చూసింది. కుంకుమ చూసింది. మూత తీయని డబ్బా చూసింది.

"నూనె పొయ్యలేదా?"

"పూజల ఉండె," అన్నాడు విజయేందర్.

నవత గిన్నె నేల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని విజయేందర్ అనుకున్నాడు.

మర్నాడు సరిగ్గా తొమ్మిదింటికి, ఇచ్చిన మాట ప్రకారం, బండి గేటు దగ్గరే ఉంది. తిరుమల్ జీపు వెనక, తాడుకు కట్టి.

"ఇంజన్ పట్టేసింది సార్, మొత్తం విప్పాలె," అన్నాడు తిరుమల్. తరవాత జాలిపడ్డాడు. "బోల్టులు మాత్రం మంచిగ బిగించిన్రు."

నవత ఆటో ఎక్కి మేడ్చల్ వెళ్ళింది. బ్యాంకు గేటు ముందు దిగి చెప్పుల దుమ్ము దులుపుకుని మేనేజరు గదిలోకి నడిచింది.

ఆ సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పూజా సమయంలో ఇంజన్ ఎలా ప్రవర్తించాలో పుస్తకంలో రాయనందుకు కారు కంపెనీకి నోటీసు పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. విజయేందర్‌కు శాలువా కప్పింది. శాలువాతోనే అతను మెట్లెక్కి ఇంటికి వెళ్ళాడు. నవత తలుపు తీసింది కాని లోపలికి రానివ్వలేదు. అతన్ని పక్కకు జరిపి, తనే బయటికొచ్చి, ప్రతి ఫ్లాటు తలుపూ తట్టింది. అందరికీ ఒకటే ప్రశ్న.

"ఆ ఎర్ర దీపం వెలిగితే బండి ఆపాలని మీకు ఎరుకేనా?"

పందొమ్మిది మందికి ఎరుకే. వారిలో నలుగురు మెకానికల్ ఇంజనీర్లు. ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు. మరి చెప్పలేదేమని అడిగితే అందరూ నొచ్చుకున్నారు. పండగ పూట, పెద్దావిడ దండం పెడుతుంటే, అధ్యక్షుల వారు మాట్లాడుతుంటే, మధ్యలో లేచి ఎలా చెబుతారు?

మీరైతే తప్పకుండా చెప్పేవారు. పులిహోర పంచడం అయ్యాక.