పదహారో గుడ్డముక్క

"నా కంటపడకుండా దాక్కోగలిగిన సూది ఈ లోకంలో ఇంకా తయారవలేదు" అని ప్రకటించి, డేగకన్ను సూదుల దిండు మీద కూర్చున్నాడు.

కూర్చున్నంత వేగంగానూ లేచాడు.

"పొడుచుకున్నాయా అన్నయ్యా?" అంది చెల్లెలు, కుట్టుమిషను ఆపి.

"శత్రువు నన్ను బెదిరించాలని చూస్తున్నాడు. నేను లొంగను."

"ఆ శత్రువు నాకు కావాలి. ఇటియ్యి."

డేగకన్ను అన్న పేరు అతనికి ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నాడు. పనిచేసేది కళ్లజోళ్ల కొట్లో. అక్కణ్నుంచి తెచ్చుకున్న నల్లద్దాలు పొద్దున్నే పెట్టుకుంటే మళ్లీ పడుకోబోయే ముందే తీస్తాడు. ఇంట్లోనూ అంతే. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది. ఇంతవరకు ఎంతమంది దొంగల్ని పట్టుకున్నాడని మాత్రం అడక్కూడదు, నొచ్చుకుంటాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అసలు గొడవ ఏమిటంటే, చెల్లెలి కూతురు మూడేళ్ల చిట్టి మర్నాటి నుంచి పిల్లల బడికి వెళ్లాలి. చెల్లెలు మళ్లీ ఉద్యోగంలో చేరాలి. 'రేపు' అన్న మాట వినిపిస్తే చాలు, చిట్టి గుక్కపట్టి ఏడుస్తోంది. అందుకని తల్లి ఒక జతల ఆట కుడుతోంది. ఇంట్లోవాళ్ల పాత బట్టల్లోంచి అరచేయంత ముక్కలు, ఒక్కోటి రెండేసి. వెనకవైపు అన్నిటికీ ఒకటే తెల్లదుప్పటి గుడ్డ, లోపల మెత్తకి అదే దుప్పటి పీలికలు. బోర్లా పరిచి, ఒక్కోటి తిప్పి చూసి, జత కలపాలి. బళ్లో కూర్చున్నా ఇంటిల్లిపాదీ దాని ఒళ్లోనే ఉంటారని ఆమె ఆశ.

ఎనిమిది జతలకు పదహారు ముక్కలుండాలి. పదిహేనే ఉన్నాయి. పోయింది ఆమె సొంత పసుపు చొక్కా ముక్క.

"ఇంకోటి కత్తిరించు" అన్నాడు డేగకన్ను.

"ఎక్కణ్నుంచి? చొక్కా అంతా చీకిపోతే బాగున్నవి ఆ రెండే తీశాను. మిగతాది నిన్ననే చెత్తబండిలో పోయింది." ఆమె మిగిలిన పసుపు ముక్కను చేతిలోకి తీసుకుంది. "బళ్లో ఈ ముక్కల సంచి విప్పగానే చిట్టి ముందు వెతికేది నన్నే కదా. నాకే జత లేకపోతే ఎలాగ?"

చెల్లెలి కళ్లలో నీళ్లు చూసేసరికి డేగకన్ను గుండె కలుక్కుమంది. కలుక్కుమన్నప్పుడల్లా అతను ఇంకాస్త పెద్ద మాటలు మాట్లాడతాడు.

"ఇది చిల్లర దొంగతనం కాదు. దీని వెనక ఖండాంతర వస్త్రముఠా ఉంది" అని, ముఠా నాయకురాలి కోసం వంటింట్లోకి నడిచాడు. అక్కడ ఉన్నది వాళ్లిద్దరి అమ్మ.

"నిన్న సాయంత్రం నాలుగు గంటలకు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. నీ చొక్కాకి గుండీ కుడుతున్నా."

"సాక్షి ఎవరు?"

"నీ పొట్ట. గుండీని ఊడగొట్టింది అదే కదరా."

'అనుమానితురాలు మహా గడుసుది' అని పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత బల్ల కిందికి దూరితే అక్కడ చిట్టి ఎదురైంది.

"మామా, ఏం వెతుకుతున్నావు?"

"దొంగని."

"దొంగ ఎలా ఉంటాడు?"

"మొహం తెలీకుండా నల్లద్దాలు పెట్టుకుంటాడు."

చిట్టి మామ మొహంలోకి చాలాసేపు చూసింది.

ఇక మిగిలింది వేలిముద్రలు. కుట్టడం అయిపోయిన ముక్కల్లోంచి తన నీలం చారల చొక్కా ముక్కనే తీసుకుని, ఎండ పడుతున్న కిటికీ గట్టు మీద పెట్టి, దాని మీద భూతద్దం పట్టాడు. పట్టినవాడు ముక్కను చూడకుండా వెనక్కి తిరిగి ఉపన్యాసం మొదలెట్టాడు.

"నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఒక్క ఆనవాలు వదిలిపోతాడు. ఆగండి. ఏదో వాసన. దొంగకి చుట్ట తాగే అలవాటుంది."

"అన్నయ్యా, పొగ నీ చేతి కిందనుంచే వస్తోంది" అంటూ చెల్లెలు చెంబుడు నీళ్లు తెచ్చి గుమ్మరించింది. ముక్కతోపాటు డేగకన్ను కూడా తడిశాడు.

నీలం చారల మధ్య బఠాణీగింజంత కన్నం పడింది. ఆ కన్నంలోంచి పసుపు రంగు తొంగిచూస్తోంది.

ఆమె గబగబా కుట్టు విప్పింది. లోపల నాలుగు మడతలు పడి తన చొక్కా ముక్క. అప్పుడు గుర్తొచ్చింది. ముక్కల్లో మెత్త కూరి ఇమ్మని నిన్న అన్నయ్యకే అప్పజెప్పింది. నల్లద్దాల్లోంచి చూస్తే తెలుపేమిటి, పసుపేమిటి. చేతికందిన గుడ్డనల్లా కూరేశాడు. ఆమె హడావిడిలో చూడకుండా మూతి కుట్టేసింది.

డేగకన్ను నీళ్లోడుతూనే ఛాతీ విరిచాడు. "సూర్యకిరణాలతో శోధన. ఇది నా పద్ధతి. కేసు ముగిసింది."

"దొంగెవరో చెప్పవేంరా?" అంది వాళ్లమ్మ.

చిట్టి వేలెత్తి చూపించింది. "నల్లద్దాల మామ."

మర్నాడు బడి గేటు దగ్గర చిట్టి ఏడవలేదు. సంచి విప్పి, ముక్కలన్నీ కింద పరిచి, రెండు పసుపు ముక్కలూ ఏరింది. ఒకటి తన గుప్పిట్లో పెట్టుకుంది. రెండోది తల్లి చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచుకో. సాయంత్రం వచ్చి జత కలుపు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం చిట్టిని తీసుకురావడానికి డేగకన్ను కూడా తయారయ్యాడు. గేటు దగ్గరే సంచి తీసుకుని, చిట్టి గుప్పిట్లోదీ కలిపి లెక్కపెట్టి నల్లద్దాలు సర్దుకున్నాడు.

"పదిహేనే ఉన్నాయి. ముఠా మళ్లీ దెబ్బకొట్టింది."

"అన్నయ్యా, ఈ కేసు జోలికి నువ్వు రాకు" అంది చెల్లెలు. ఆఫీసులో రోజంతా గుప్పిట్లోనే ఉండి నలిగిపోయిన పసుపు ముక్కను కూతురి ముందు తెరిచి పట్టుకుంది.