రాజమండ్రికి గంటా పది నిమిషాలు

పొద్దున్నే ఐదింటికి రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. బుల్లెమ్మ పోయింది. అమీన్‌పూర్‌లో స్థిరపడ్డ బాపిరాజుకి ఆమె ఒక్కతే అక్క. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తామని, ఆలోపు తమ్ముడు వచ్చి పుట్టింటి చీర కప్పాలని మేనల్లుడు శివరామకృష్ణ చెప్పాడు. బాపిరాజు కాసేపు ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని లెక్క వేశాడు.

ఆ లెక్కే కొంప ముంచింది. ఆయన ముప్పై ఏళ్ళు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో సరుకు పంపే సెక్షన్ చూశాడు. అక్కడ లారీ గేటు దాటాకే గడియారం మొదలవుతుంది. తూకం, కాగితాలు, డ్రైవర్ టీ, ఇవేవీ లెక్కలోకి రావు. ఆ పద్ధతి ప్రకారం రాజమండ్రికి రోడ్డు మీద ఎనిమిది గంటలు, గాల్లో గంటా పది నిమిషాలు. ఇంకేం, పదిన్నర విమానానికి టికెట్ తీసుకున్నాడు. బంధువులందరికీ గంట ప్రయాణమేనని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

భార్య దుర్గాదేవికి విమానమంటే భయం. ఆమె ఐదున్నరకల్లా పక్కింటి యాదగిరి కారెక్కింది. సార్‌ని కూడా రమ్మని యాదగిరి బతిమాలాడు.

"మీరు సత్తుపల్లి దాటేసరికి నేనక్కడ ఉంటానయ్యా," అన్నాడు బాపిరాజు.

చీర, అరకిలో కర్పూరం బ్యాగులో పెట్టుకుని ఏడున్నరకి బయల్దేరాడు. ముత్తంగి దగ్గర రసాయనాల ట్యాంకర్ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయి ఉంది. దాని వెనక షిఫ్టు బస్సులు, వాటి వెనక ఈయన. విమానాశ్రయం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

తనిఖీలో కర్పూరం బయటపడింది. మండే వస్తువు కుదరదు, పారేయమన్నారు. అక్క చితికి తెచ్చినదాన్ని చెత్తబుట్టలో ఎలా వేస్తానని బాపిరాజు మొండికేశాడు. పెద్ద అధికారిని పిలవమన్నాడు. పాపం, ఆయనా వచ్చాడు. వచ్చి ఆ మాటే ఇంకాస్త మర్యాదగా చెప్పాడు. దాంతో బాపిరాజు అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. వాళ్ళు మంచినీళ్ళిచ్చి ఓదార్చి పంపేసరికి గేటు మూసేశారు. తర్వాతి విమానం నాలుగింటికి.

మేనల్లుడికి ఫోన్ చేసి కాస్త ఆగమని ప్రాధేయపడ్డాడు.

"మూడింటిదాకా చూస్తాం మావయ్యా. ఎండలు దారుణంగా ఉన్నాయి," అన్నాడు శివరామకృష్ణ. మూడు దాటాక అతను మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఆరున్నరకి బాపిరాజు ఆ ఇంటి ముందు దిగేసరికి వాకిలి కడిగేసి ఉంది. తల మీంచి స్నానం చేసిన యాదగిరి తడి బట్టలతో అరుగు మీద కూర్చున్నాడు. ఈయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"చీర నేనే కప్పిన సార్. అమ్మగారు దారిల కొన్నరు. పుట్టింటి మొగోడే కప్పాలని పెద్దోళ్ళు పట్టువట్టిన్రు. తమ్ముని లెక్క నిలబడమంటే నిలబడ్డ."

అక్కను ఆఖరిసారి చూసింది తను కాదు, పక్కింటి యాదగిరి.

"మొహం ఎలా ఉందయ్యా?" అని అడిగాడు బాపిరాజు.

"నిద్రవోయినట్టే ఉండె సార్."

లోపల అందరూ ఆయన్ని చూశారు. చావింట్లో ఎవరినీ రండి అనకూడదు కనుక, బాపిరాజు చెప్పులు విప్పి తనంతట తనే లోపలికి వెళ్ళాడు.