నలభై ఏడో నంబరు పైలట్ దరఖాస్తు

‘ఏడో కక్ష్య’ అనే యానిమేషన్ సీరియల్ ఆరో భాగంలో చనిపోవలసిన నలభై ఏడో నంబరు పైలట్, ఒక సోమవారం ఉదయం పదిన్నరకు తన యుద్ధవిమానాన్ని స్టూడియో వెనక సైకిళ్ల షెడ్డులో పెట్టి, మూడో అంతస్తులోని పాత్రల వ్యవహారాల విభాగానికి వచ్చి, తనను చంపవద్దని దరఖాస్తు ఇచ్చింది.

విభాగంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. హైదరాబాదులోని ఆ స్టూడియో ఒక పేరున్న వీడియో గేమును సీరియల్‌గా మార్చే పని తీసుకున్నప్పటి నుంచి పాత్రలు ఏదో ఒక పని మీద వస్తూనే ఉన్నాయి. అంతకుముందు వారం శత్రు సేనాధిపతి వచ్చి, తన అంగీ గేములో ఊదా రంగులో ఉండేదని, సీరియల్లో బూడిద రంగు వేశారని ఫిర్యాదు చేసి వెళ్లాడు. ఒక ఉపగ్రహం తన రెండు వలయాల్లో ఒకటి తీసేశారని చెప్పుకోవడానికి వచ్చి, తలుపులో పట్టక, మెట్ల దగ్గరే రసీదు తీసుకుంది.

దరఖాస్తులు తీసుకునే సీటులో పేర్నాటి విశాలాక్షి కూర్చునేది. ఆమెది సూళ్లూరుపేట. వయసు నలభై ఆరు. ఆ సీటులో పదకొండేళ్లు. మొదటి ఐదు భాగాల్లో చనిపోయిన యాభై రెండు మంది పైలట్ల ఫైళ్లను ముగించి, ‘మరణించినది’ అని సంతకం చేసింది ఆమే. ఆ యాభై రెండు మందిలో ఒక్కరు కూడా పైకి వచ్చి ఏమీ అడగలేదు.

“ఏందమ్మా నీ సమస్య?” అని అడిగింది విశాలాక్షి.

“సచ్చుడు సమస్య కాదక్కా. గేముల నలబై ఒక్క లచ్చల సార్లు సచ్చిన. సచ్చిన ఎనిమిది సెకన్లకు మళ్ల లేస్తుంటి. ఈడ లేపరంట గదా?”

గేములో నలభై ఏడుకు మాటలు లేవు. తెలుగు సీరియల్ కోసం పైలట్లందరి కేకలూ వరంగల్ నుంచి వచ్చిన ఒకే డబ్బింగ్ కళాకారిణి చేత పెట్టించారు. అందువల్ల పైలట్లందరికీ ఆ యాసే వచ్చింది.

“లేపరు,” అంది విశాలాక్షి. “సీరియల్లో మనిషికి ఒకటే ప్రాణం. ఒప్పందంలో తొమ్మిదో నిబంధన. పిల్లకాయలు చూస్తారు గదా, వాళ్లకి చావు విలువ తెలియాలంట.”

“విలువ తెల్వాల్నంటే నేను పేలేది రెండు సెకన్లేనా?”

విశాలాక్షి ఫైలు తెరిచి చూసింది. పద్నాలుగో దృశ్యం, తెరకు ఎడమ మూల, రెండు సెకన్లు, మంట మాత్రమే, పొగ అవసరం లేదు అని ఉంది. ఆ మాటే చెప్పింది. నలభై ఏడు చాలాసేపు ఆ కాగితాన్ని చూసి, పొగ కూడా లేదా అని అడిగింది.

విశాలాక్షి ఓపికగా వివరించింది. కెప్టెన్ ఆర్యవర్ధన్ కథానాయకుడు. ఆరో భాగం చివర అతని కంట్లో నీరు రావాలి. అందుకు పద్నాలుగు విమానాలు పేలాలని కథావిభాగం పరీక్షించి తేల్చింది. పన్నెండు పేలితే అతని ముఖం గంభీరంగా మారుతుంది తప్ప నీరు రాదు. పదిహేను పేలితే ప్రేక్షకులు చానల్ మారుస్తారు. ఈ పద్నాలుగు మందిలో పేరున్న వాళ్లు ఉండకూడదు. పేరున్న పాత్రను చంపాలంటే ముందు రెండు భాగాల్లో దానికి మాటలు రాయాలి.

“అయితె నాకు పేరు పెట్టుండ్రి,” అంది నలభై ఏడు.

పేరు కోసం ఇరవై రెండో నంబరు పత్రం నింపాలి. అందులో నాలుగు గడులు ఉంటాయి: పేరు, ఊరు, ఒక భయం, ఒక చిన్ననాటి జ్ఞాపకం. జ్ఞాపకాన్ని ముగ్గురు సభ్యుల సంఘం ముందు పైకి చదువుతారు. చదువుతున్నప్పుడు కనీసం ఒక సభ్యుడు తల తిప్పి కిటికీ బయటికి చూస్తే మంజూరు చేస్తారు. ఎవరూ చూడకపోతే తిరస్కరిస్తారు.

నలభై ఏడు మొదటి పత్రంలో, తాను ఇరవై నాలుగేళ్ల వయసుతోనే పుట్టానని, పుట్టిన వెంటనే విమానంలో కూర్చున్నానని ఉన్నది ఉన్నట్టు రాసింది. తిరస్కరించారు. రెండోసారి వరండాలో పడి ఉన్న వారపత్రికలోంచి ఎవరిదో బాల్యం దించి రాసింది. సంఘం అధ్యక్షుడు మార్కండేయులు గారు చదువుతూ మధ్యలో టీ తాగారు. అదీ తిరస్కరించారు. మూడోసారి, నాలుగోసారి కూడా అంతే అయింది. ఆమె ప్రతిరోజూ పదిన్నరకు వచ్చి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చునేది. ఆమెకు ఆకలి గీయలేదు కనుక భోజనానికి కూడా లేచేది కాదు. అయిదున్నరకు కొత్త పత్రం అడిగి తీసుకుని వెళ్లేది.

“ఎందుకమ్మే ఇంత పట్టుదల?” అని పదకొండో రోజున విశాలాక్షి అడిగింది. “మిగతావాళ్లు రాలేదే.”

“వాళ్లకు తెల్వదక్కా, ఈడ లేపరని. ఎనిమిది సెకన్లు ఆగితె అయిపాయె అనుకుంటున్నరు.” కొంచెం ఆగి అంది. “నీ కాడ వాడని జ్ఞాపకం ఒక్కటుంటె ఇయ్యరాదు?”

జ్ఞాపకాలు బదిలీ చేయడానికి వీలుంది. అయితే ఒకే జ్ఞాపకం ఇద్దరి దగ్గర ఉండకూడదు. ఇచ్చినవారి దగ్గర నుంచి పూర్తిగా పోతుంది. సంతకంతోపాటు వేలిముద్ర కూడా వేయాలి. ఆ పని ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఆ మధ్యాహ్నం విశాలాక్షి అన్నం తినలేదు. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. తర్వాత తెల్లకాగితం తీసుకుని రాసింది. తనకు ఏడేళ్లప్పుడు సూళ్లూరుపేటలో నాన్న తనను భుజాల మీద ఎక్కించుకుని మేడ మీద నిలబడ్డాడు. సముద్రం వైపు నుంచి నిప్పు గీత ఒకటి పైకి లేచింది. చప్పుడు లేదు. నాన్న, చూస్తూ ఉండు, చప్పుడు వెనకాల వస్తుంది అన్నాడు. రాకెట్ కనబడకుండా పోయేటప్పుడు చప్పుడు వచ్చింది. ఇంటి కిటికీలు గలగలమన్నాయి. భయంతో నాన్న జుట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన తల వెంట్రుకలు తడిగా, కొబ్బరినూనె వాసన వేస్తూ ఉన్నాయి. ఆయన నవ్వుతూ, గట్టిగా పట్టుకోమ్మా, నాకు నొప్పి లేదు అన్నాడు.

ఊరు గడిలో సూళ్లూరుపేట అని రాసింది. భయం గడిలో, చప్పుడు ఆలస్యంగా రావడం అని రాసింది. పేరు గడిలో, ఆ వైపు ఇంటికొకరు ఉండే పేరు కనుక, చెంగమ్మ అని రాసి వేలిముద్ర వేసింది.

బుధవారం సంఘం సమావేశమైంది. మార్కండేయులు గారు చదువుతూ ఉండగా రెండో సభ్యుడు కిటికీ వైపు చూశాడు. మూడో సభ్యురాలు కూడా చూసింది. కొబ్బరినూనె వాసన దగ్గరికి వచ్చేసరికి మార్కండేయులు గారే కళ్లద్దాలు తీసి, కిటికీ ఎటుందో వెతుక్కున్నారు.

“చాలా బావుంది,” అన్నారు ఆయన చివరికి. “ఇంత బావున్నది మూలనున్న పైలట్‌కి ఎందుకండీ? కెప్టెన్‌కి ఇచ్చేద్దాం. ఆయన గతంలో రెండో సీజన్ దాకా ఏమీ లేదు.”

విశాలాక్షి పదకొండేళ్లలో మొదటిసారి సంఘం ముందు లేచి నిలబడింది.

“అట్టా ఇచ్చేదానికి లేదు సార్. నేను ఇచ్చింది ఈ బిడ్డకి. కెప్టెన్ నన్ను అడగలేదు. ఈ బిడ్డ పదకొండు దినాలు కూర్చుని అడిగింది.”

“మీరు అనవసరంగా ఆవేశపడుతున్నారమ్మా.”

“ఆవేశం కాదు సార్. వేలిముద్ర ఉంది, చూడండి.”

బల్ల మీద నుంచి నలభై ఏడు కూడా లేచింది. “సార్, నేను పేల,” అంది. “పద్నాలుగో దృశ్యంల ఆడనే నిలబడ్త. మంట పెట్టినా పేల. పొగ పెట్టినా పేల.”

“పేలకపోతే ఎలాగమ్మా? భాగం శనివారం ప్రసారం.”

“ఏమన్న చేస్కోండ్రి. నేనైతె పేల.”

మార్కండేయులు గారు చెడ్డవారు కారు. నిబంధనల పుస్తకం తెప్పించి, వేలిముద్ర ఉన్న బదిలీని ఇచ్చినవారి అనుమతి లేకుండా మార్చకూడదన్న భాగాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత ఎర్ర సిరాతో ఫైలు మీద రాశారు: ‘ప్రాణము మంజూరు చేయడమైనది. ఏర్పడిన ఖాళీని శుక్రవారములోగా భర్తీ చేయవలెను.’

చెంగమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని విశాలాక్షి భుజం మీద తల పెట్టింది. విశాలాక్షి ఆమె వీపు నిమిరింది. తాను ఏం ఇచ్చిందో అప్పటికే ఆమెకు తెలియదు; సంఘం ముందు విన్నది ఆమెకు చెంగమ్మ జ్ఞాపకమే. ఏదో ఇచ్చిందని మాత్రం ఫైలులో ఉంది.

ఆ సాయంత్రం బస్సులో ఉండగా సూళ్లూరుపేట నుంచి అన్న ఫోన్ చేశాడు. షార్‌లో రాకెట్ ప్రయోగం ఉందని, మేడ మీదికి పిల్లల్ని తీసుకుపోతున్నానని చెప్పాడు.

“నీకు గుర్తుందా మే? నాయన భుజాలెక్కి చూస్తా ఆయన జుట్టు పీకినావే.”

“నేను కాదన్నా,” అంది విశాలాక్షి. “అది చెంగమ్మ.”

“చెంగమ్మ ఎవురు?”

“మా ఆఫీసులో పైలట్.”

సిగ్నల్ సరిగా లేదేమోనని అన్న ఫోన్ పెట్టేశాడు. విశాలాక్షి ఫోన్‌ను చేతిలోనే పట్టుకుని, దిగవలసిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకు పోయి, నడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

గురువారం పత్రికల్లో చిన్న ప్రకటన వచ్చింది. ‘అంతరిక్ష యుద్ధ విభాగములో పైలట్ ఖాళీ ఒకటి. వ్యవధి రెండు సెకన్లు. అనుభవము అవసరము లేదు. పునర్జీవనము లేదు.’ చెంగమ్మకు ఎనిమిదో భాగం దాకా దృశ్యాలు లేవు కనుక, అంతవరకు విశాలాక్షి సీటు పక్కన కుర్చీ వేసి, టోకెన్లు ఇచ్చే పని అప్పజెప్పారు.

శుక్రవారం తొమ్మిదింటికే వరుస మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా కిందికి దిగి, సైకిళ్ల షెడ్డు దాటి రోడ్డు మీదికి పోయింది. అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫోల్డర్లు ఉన్నాయి. పేలిన తర్వాత అనుభవ ధ్రువపత్రం ఇస్తారా అని ముగ్గురు అడిగారు. కుటుంబ సభ్యులకు ఇస్తామని విశాలాక్షి చెప్పింది. వాళ్లు సరేనని పక్కకు జరిగారు.

చెంగమ్మ ఒక్కొక్కరికీ చెప్పి చూసింది. తొంభై మూడో టోకెన్ దగ్గర బానోతు శాంత అనే ఆవిడ వచ్చింది. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చింది. ఎం.ఎస్సీ. పాసై ఆరేళ్లయింది.

“చెల్లే, ఇది ఏం కొలువో సమజైందా?” అంది చెంగమ్మ. “పేలిపోవుడు. ప్రాణం ఒకటే ఇస్తరు. మళ్ల లేపరు.”

“మాకు మొదటి సంది ఒకటే ఉన్నది గదక్కా,” అంది శాంత. “తెర మీద కనపడ్తమా?”

“ఎడమ మూలకు.”

“మా అమ్మ గుర్తు పడ్తదా?”

“హెల్మెట్ ఉంటది.”

శాంత కొంచెం ఆలోచించింది. “ఏ మూలనో ముందే ఫోన్ చేసి చెప్త. ఆడనే చూడుమంట.”

చెంగమ్మ సొరుగులోంచి ఇరవై రెండో నంబరు పత్రం తీసి ఆమె ముందు పెట్టింది. “నీకు పేరున్నది, ఊరున్నది, అమ్మ ఉన్నది. నేను ఎవల కాడనో అడుక్కున్న. నువ్వు ఉత్తగ నింపితె చాలు, నిన్ను ఎవ్వలు పేల్చరు.”

“నింపితె కొలువు ఇస్తరా?”

చెంగమ్మ విశాలాక్షి వైపు చూసింది.

“ఇయ్యరమ్మా,” అంది విశాలాక్షి. “పేరున్నోళ్ల ఖాళీలు ఇప్పుడు లేవు.”

శాంత పత్రాన్ని మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చేసింది. ఉద్యోగ దరఖాస్తులో పేరు రాయవలసిన చోట ఖాళీగా వదిలి, కింద ‘అన్ని వివరములు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న చోట సంతకానికి బదులు గీత గీసింది. హెల్మెట్ కొలత సరిపోయిందని సాయంత్రం నాలుగింటికి ఆమెనే ఎంపిక చేశారు. వరుసలో మిగిలిన వాళ్లు ఆమెకు అభినందనలు చెప్పి, ఏ కోచింగ్ సెంటర్‌లో చేరిందో అడిగి రాసుకున్నారు.

శనివారం సాయంత్రం ఆరో భాగం ప్రసారమైంది. పద్నాలుగు విమానాలు పేలాయి. అనుకున్న సమయానికే కెప్టెన్ ఆర్యవర్ధన్ కంట్లో నీరు వచ్చింది. విశాలాక్షి, చెంగమ్మ ఆఫీసు టీవీ ముందు నిలబడి తెర ఎడమ మూలనే చూశారు. చెంగమ్మ ఎనిమిది సెకన్ల దాకా పైకి లెక్కపెట్టి ఆపేసింది. విశాలాక్షి ఫైలు తెరిచి సంతకం చేసింది.

సోమవారం ఉదయం వాళ్లు వచ్చేసరికి ఎంపిక కాని వాళ్లంతా మెట్ల మీద వరుసగా నిలబడి ఉన్నారు. ఏడో భాగంలో ఖాళీలు ఎన్నని అడిగారు. కెప్టెన్‌కు ఈసారి కన్నీరు కాక కోపం రావాలి, కోపానికి ఎన్ని పేలినా ప్రేక్షకులు చానల్ మార్చరు కనుక ఎక్కువే ఉన్నాయని కథావిభాగం నుంచి కాగితం వచ్చింది. చెంగమ్మ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఇరవై రెండు అని రాసింది.

వరుస చివరి దాకా చప్పట్లు మోగాయి.