చావులేని వేషాల ఆట

ఈ కథ నాకు మొదట చెప్పింది బుట్టలల్లే నాంచారమ్మ. తర్వాత చెప్పినవాళ్లంతా ఆమె దగ్గర ఎత్తుకుపోయినవాళ్లే.

ఒక పెద్ద అడవిలో ముసురు పట్టి జంతువులకు పొద్దుపోవడం లేదు. తాతలనాటి వేషాల ఆట మళ్లీ కట్టమని పులి ముసలి ఉడుముకు పురమాయించింది. ఆ ఆటలో ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు తలొక వీరుడి వేషం ఎత్తుకుని, "గుహలోకి దిగుతున్నా", "రాక్షసుణ్ణి పొడుస్తున్నా" అంటారు. పొడిచారో చచ్చారో గవ్వలు తేలుస్తాయి.

ఉడుము వారం రోజులు కూర్చుని కొత్త గుహలు, కొత్త రాక్షసులు కట్టింది. పాత నియమాలను మాత్రం కదపలేదు. గవ్వలన్నీ బోర్లా పడితే వేషం చచ్చినట్టే. ఒక్క వేషం చచ్చినా ఆట సరి, ముగిసిపోయినట్టే. ఆట సరి అయ్యేదాకా ఎవరూ ఎవరినీ తినరాదు. మధ్యలో లేచినవాడు పిరికిపంద.

పులి మీసం దువ్వింది. "నేను చావడమేంటి?"

"వేషమే దొరా, తమరు కాదు."

"వేషమైనా నాదే కదా!"

"పడ్డ గవ్వ పడ్డట్టే," అంది ఉడుము. పట్టు వదల్లేదు. ఉడుము కదా మరి.

అడవి కచేరీలో గుమాస్తా అయిన నక్క దగ్గింది. "ఉడుము మామా, ఆ చాదస్తం చాల్లే. చిన్న సవరణ. దొరవారి వేషానికి చావు వర్తించదు." ఆ ముక్క రాసి, ముద్ర గుద్ది, 'ఆట కట్టినవారు: నక్క' అని అడుగున పెట్టుకుంది.

ఉడుముకు చదువు రాదు. కుందేలు చదివి చెప్పింది. ఉడుము ఆ మాట కడుపులో పెట్టుకుంది.

మర్నాటికల్లా సిఫారసులు మొదలయ్యాయి. ఎలుగుబంటికి నడుంనొప్పి, చావు పడదు. కోతికి పులి మేనల్లుడు తెలుసు. "నక్క బావా, మేం చస్తే దొరవారికి జేజేలు ఎవరు కొడతారు?" అంది కుందేలు. నక్క అందరికీ ముద్ర గుద్దింది.

ఆట మొదలైంది. గవ్వలు బోర్లా పడ్డాయి. ఎవరూ చావలేదు. మళ్లీ పడ్డాయి. మళ్లీ చావలేదు. నాలుగో రోజుకు కుందేలు పచ్చిక నములుతూ పులి డొక్కకే ఆనుకుని కూర్చుంది. పులి కడుపు వెన్నుకంటుకుంది.

"ఉడుమూ, నా వేషాన్ని చంపెయ్."

"వర్తించదు దొరా."

"పోనీ కుందేలు వేషాన్ని చంపు!"

"దానికీ ముద్ర ఉంది. పడ్డ ముద్ర పడ్డట్టే. అయినా ఆట కట్టింది నక్కగారు. నన్నడుగుతారేం?"

చూస్తే నక్క ఎప్పుడో లేచిపోయింది. పిరికిపంద అంటారన్న బెంగ దానికి లేదు.

ఆరో రోజు పులి లేచింది.

"పిరికిపంద అని రాసుకోమంటారా దొరా?" అంది కుందేలు వినయంగా.

పులి తల దించుకుని పక్క అడవికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆట ఇంకా నడుస్తూనే ఉంది. ముగించాలని అక్కడెవరికీ లేదు.

నీతి: నియమం రాయించుకునేటప్పుడు మన చావుకు కాస్త చోటు ఉంచుకోవాలి.

ఆ కాగితం అడుగున ఇప్పటికీ నక్క పేరే ఉందట. కట్టింది ఉడుము. రాయడం వచ్చినవాళ్లెవరైనా అది కొట్టేసి సరిగా రాయండి. పనిలో పనిగా ఈ కథ కింద నాంచారమ్మ పేరు కూడా.