దూలానికి దిండు

“తల తగిలేంత కిందికున్న ఆ దూలం ఇవాళ ఎవరి బుర్రో బద్దలు కొట్టకపోతే నా పేరు మార్చుకుంటాను!” అంది మ్యూరియెల్, పొద్దున్నే బీరు గ్లాసులు తుడుస్తూ. మధ్యాహ్నం భోజనానికి కాలినడక సంఘంవాళ్లు వస్తున్నారు. ఒక్కొక్కరూ నిచ్చెనంత పొడుగు. ‘మూడు కొంగలు’ పబ్బు కట్టిన కాలంలో, నాలుగువందల ఏళ్ల కిందట, మనుషులంతా పొట్టివాళ్లు కాబోలు.

ఆ మాట గోడకు అవతల వెనకగది చూసుకునే కూతురు హెస్టర్‌కు వినపడాలనే గట్టిగా అంది. “నీ చేతిలో పడ్డదేదీ నిలవదు” అని క్రిస్మస్‌నాడు మ్యూరియెల్ నోరు జారింది మొదలు హెస్టర్ ఆమెతో మాట్లాడటం లేదు. ఏ కబురైనా తాగడానికొచ్చినవాళ్లే మోస్తున్నారు. ఒక్కసారి ‘అమ్మా’ అంటుందేమోనని మ్యూరియెల్ చెవులు ఆ గోడకే అతుక్కుపోయాయి.

తలలు పగలకుండా దూలానికి దిండు కొట్టమని వడ్రంగి విల్ఫ్‌ను పిలిచింది.

“పాత కట్టడం కదమ్మా. మేకు దించాలన్నా కౌన్సిల్ ఒప్పుకోవాలి.”

“దిండుకు ఒప్పుకోలేమిటోయ్? కొడతావా, నన్నే స్టూలెక్కి మెడ విరగ్గొట్టుకోమంటావా?”

ఓక్ దూలం ఇనుములా ఉంది, మేకు వంకరపోయింది. రెండో మేకు పక్కనున్న వెనకగది గోడకు కొడితే పళ్లెమంత పెచ్చు రాలింది. దాన్ని కప్పడానికి డార్ట్ బోర్డు తగిలించబోతే గోడ సున్నంలో సగం మ్యూరియెల్ నెత్తిన పడింది. కిటికీ అంత కంత తేలింది.

“రొట్టెల పొయ్యి!” అన్నాడు తాగుతున్నవాళ్లలో ఒకడు. “కాదురా తింగరోడా, పూర్వం రాజభటులకు దొరక్కుండా పాదిరీలు దాక్కున్న గూడు!” అన్నాడింకొకడు. పందెం తేల్చుకోవడానికి మూడోవాడు ఏకంగా కౌన్సిల్‌కే ఫోన్ చేశాడు.

“అయిపోయింది. పబ్బు మూయిస్తారు. నన్ను జైల్లో వేస్తారు,” అని మ్యూరియెల్ కూలబడింది.

కౌన్సిల్ అధికారి పెట్టిఫర్ గారు వస్తూనే దూలానికి ఠపీమని తల కొట్టుకున్నారు. దిండు ఇంకా మ్యూరియెల్ చంకలోనే ఉంది. ఆయన నుదురు రుద్దుకుంటూ కంతలోకి తొంగిచూసి, లోపలి చెక్క పలకను తోస్తే వెనకగది కనపడింది.

“ఈ గదిలోంచి ఆ గదికి బీరు అందించిన పాత కిటికీ ఇది. దీన్ని మూసిన మహానుభావుడెవరో గాని, మళ్లీ మూశారో, జరిమానా తప్పదు!”

ఆయన పక్కకు జరిగారు. కంతకు అవతల, చేతిలో గుడ్డతో, హెస్టర్.

పబ్బంతా అటు తిరిగింది.

“ఇటునుంచి చలిగాలి కొడుతోందా, తల్లీ?” అంది మ్యూరియెల్.

పొయ్యిలో కట్టె చిటపటలాడి విరిగింది. ఎవరో గ్లాసు ఎత్తబోయి మానుకున్నారు. హెస్టర్ చేతిలోని గుడ్డ కంతలోంచి అందించింది.

“ముందు మొహం కడుక్కో అమ్మా. సున్నం కొట్టిన దెయ్యంలా ఉన్నావ్.”